పనియందు మనసు నిలుచుట యెట్లు?

కూలి యిచ్చి మనిషి చేతులను పనిలో పెట్టవచ్చును. అతని మనసును గూడ ఆ పనిలో నిలుపుట యెట్లు? ఈ ప్రశ్న పెద్ద కర్మాగారములు నడపువారికి మాత్రమే సంబంధించినది కాదు. ఇంటిలో పనిమనిషిని పెట్టుకొనిన గృహిణికిని, దుకాణములో ఇద్దరు గుమాస్తాలను ఉంచుకొనిన వర్తకునికిని, కార్యాలయములో పదిమందిపై అధికారియైన ఉద్యోగికిని ఇది యెదురగుచునే యుండును. మఱియు మనలో చాలమందిమి మఱొకరి క్రింద పనిచేయువారమే. ఉదయము లేచి పనికి పోవునప్పుడు అడుగు చుఱుకుగా పడు దినములును, పడని దినములును మనకు అనుభవములోనివే. జీతము ఆ రెండు దినములకును ఒక్కటియే. అయినను అడుగులో భేద మెందుకు వచ్చెను?

దీనికి సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా ప్రయోగములు చేయుచున్నారు. ఆ సిద్ధాంతములను వరుసగా అప్పగించినచో శ్రోతలకు నిద్ర వచ్చును. కావున వానిని మనకు తెలిసిన ఒక పరిశ్రమ చెంతకు తెచ్చి, అచ్చట నిలుచునో లేదో చూతము. హైదరాబాదులో జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతము తెలుగు చలనచిత్రములకు నివాసస్థానము. తెరమీద కనబడువారి గుఱించి పత్రికలు చాలినంత వ్రాయుచున్నవి. తెరమీద కనబడనివారి గుఱించి మనము మాటాడుకొందము.

ఈ పరిశ్రమ పూర్వము మద్రాసులో నుండెను. హైదరాబాదులో 1956లో సారథీ స్టూడియో వెలసెను. పూర్తిగా ఈ నగరములోనే తీయబడిన మొదటి తెలుగు చిత్రముగా 1959 నాటి ‘మా ఇంటి మహాలక్ష్మి’ని చెప్పుదురు. 1976 జనవరి 14వ తేదీన అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో బంజారాహిల్సులో ప్రారంభమైనది. అటుతరువాత జూబిలీహిల్సు రాళ్లగుట్టలపై స్టూడియోలు, నిర్మాతల కార్యాలయములు, వాణిజ్యమండలి భవనము, నటుల గృహములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. గుట్ట దిగిన వెంటనే కృష్ణానగరు, యూసఫ్‌గూడ. దీపములు మోయువారు, సెట్లు కట్టు వడ్రంగులు, రంగులు వేయువారు, వంట చేయువారు, వాహనములు నడపువారు, గుంపు దృశ్యములలో నటించువారు పెక్కుమంది అచ్చటనే కాపురముందురు. పరిశ్రమ పనులను ఇరువదినాలుగు శాఖలుగా లెక్కించుట వాడుక. ఆయా శాఖల సంఘములు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినవి.

ఈ పనివారిలో అత్యధికులకు నెలజీతము లేదు, దినకూలియే. నేటి కాల్షీటు ముగిసినచో రేపు ఏ నిర్మాత పిలుచునో, అసలు పిలుచునో లేదో తెలియదు. ఒక చిత్రము ముగియగానే ఆ యూనిట్ చెదరిపోవును. యజమాని మాఱుచునే యుండును, పని మాఱదు. మనిషిని పనియందు ప్రోత్సహించుట యను శాస్త్రమంతయు ఒకే యజమానివద్ద ఏండ్ల తరబడి పనిచేయువారిని దృష్టియందుంచుకొని పుట్టినది. అట్టి శాస్త్రము ఇచ్చట ఎంతవఱకు పనికివచ్చునో చూచుటయే మనకు కావలసిన పరీక్ష.

మొదట వచ్చినవాడు అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రెడరిక్ టేలరు. ఆయన గ్రంథము 1911లో వెలువడినది. బెత్‌లెహాం ఉక్కు కర్మాగారములో ఇనుపదిమ్మెలను బండికెక్కించు కూలి యొకడు దినమునకు పండ్రెండున్నర టన్నులు మోయుచుండగా, ఎప్పుడు మోయవలెనో ఎప్పుడు విశ్రమించవలెనో గడియారము పట్టుకొని చెప్పుచు, అతనిచేత నలువదియేడు టన్నులు మోయించితినని టేలరు వ్రాసెను. కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు పెంచెను. ఈ కథలో టేలరు కొంత మెఱుగుపెట్టినాడని తరువాతి చరిత్రకారులు చూపినారు. అది యట్లుండనిండు. పని నాలుగింతలు, కూలి ఒకటిన్నర రెట్లు మాత్రమే యన్న సంగతిని మాత్రము పాఠకులు గమనింపకపోరు.

టేలరు దృష్టిలో పనివాడు డబ్బు కొఱకే పనిచేయును. తక్కిన ఆలోచన పై అధికారి చేయును. దిమ్మెల విషయములో అది కొంతవఱకు నడచినది, ఏలయన దిమ్మెలను లెక్కింపవచ్చును. ఒక దృశ్యమునకు దీపము అమర్చు పనివానిని దేనితో కొలువవలెను? ఎన్ని దీపములు మోసెనో లెక్కించినచో పనికిరాని దీపములు గూడ మోయును. ఛాయాగ్రాహకుడు నోరు విప్పకముందే అతని చూపునుబట్టి తెరను నాలుగంగుళములు ప్రక్కకు జరుపువాడు మంచి పనివాడు. ఆ నాలుగంగుళములకు టేలరు గడియారములో గుర్తు లేదు. అయినను కాల్షీటు యనునది టేలరు సంతానమే. పని యెప్పుడు మొదలై యెప్పుడు ముగియునో గడియారముచే నిర్ణయించి, గడువు దాటినచో అదనపు కూలి యిచ్చుట పనివానికి రక్షణ. కాబట్టి టేలరును పూర్తిగా త్రోసివేయుట న్యాయము కాదు.

టేలరు తరువాత వచ్చిన పరిశోధన దీపములతోనే మొదలగుట వింత. షికాగో నగరము చెంత సిసిరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థకు హాథోరన్ అను పెద్ద కర్మాగారముండెను. అచ్చట టెలిఫోను పరికరములు తయారగుచుండెడివి. వెలుతురు హెచ్చించినచో ఉత్పత్తి పెరుగునా యని 1924లో పరీక్షలు ఆరంభించిరి. వెలుతురు పెంచినప్పుడు ఉత్పత్తి పెరిగినదనియు, తగ్గించినప్పుడును పెరిగినదనియు కథ వ్యాపించినది. 1927 నుండి కొందఱు యువతులను వేఱు గదిలో కూర్చుండబెట్టి, మధ్యమధ్య విశ్రాంతి యిచ్చి, పనివేళలు తగ్గించి చూచిరి. ఉత్పత్తి పెరుగుచు పోయెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎల్టన్ మేయో దీనికి అర్థము చెప్పెను: తమను ఎవరో పట్టించుకొనుచున్నారన్న భావము, తోడివారితో కుదిరిన స్నేహము ఆ యువతులకు ఉత్సాహము నిచ్చెనని.

ఈ కథ పాఠ్యపుస్తకములలో ఎంత స్థిరపడినదన్న, దీనిని ప్రశ్నించుటకు చాలకాలము పట్టెను. 2011లో ఇద్దఱు ఆర్థికశాస్త్రజ్ఞులు వెలుతురు పరీక్షల పాత లెక్కలను వెదకి తీసి మరల పరిశీలించిరి. ప్రసిద్ధిలో నున్నంతటి అద్భుత మేదియు వానిలో కనబడలేదు. కనుక వెలుతురు కథను కొంచెము తగ్గించి చెప్పుకొనవలెను.

అదే కర్మాగారములో 1931-32లో జరిగిన మఱొక పరిశీలన నాకు అంతకంటె విలువైనదిగా తోచుచున్నది. పదునలుగురు మగవారు తీగెలు కలుపు పని చేయుచుండిరి. ఎంత చేసినచో అంత కూలి లభించు పద్ధతి అచ్చట నుండెను. అయినను వారు తమలో తాము ఒక హద్దు పెట్టుకొని, దానిని మించి చేయువానిని పరిహసించిరి. చేతిమీద గుద్దిరి కూడ. హద్దుకంటె తక్కువ చేయువానిని సైతము సహింపలేదు. వారు సోమరులు కారు. హెచ్చుగా చేసినచో యాజమాన్యము రేటు తగ్గించునేమో, కొందఱిని ఇంటికి పంపునేమో యన్న భయము వారిని బంధించినది. పనివాడు తన తోడివారి మాటకు యజమాని డబ్బుకంటె హెచ్చు విలువ నిచ్చునని దీనివలన తేలినది. సంఘముల నియమములను చూచి విసుగుకొను నిర్మాతలు ఈ పదునలుగురి కథ చదువదగినది. భయమునుండి పుట్టిన నియమము భయము తొలగనిదే తొలగదు.

ఇప్పుడు మద్రాసుకు పోవుదము. వడపళనిలోని విజయా-వాహినీ స్టూడియోను వృద్ధిలోనికి తెచ్చినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజారు’ అచ్చటినుండి వచ్చెను. ‘మాయాబజారు’కు సుమారు నాలుగువందలమంది లైట్‌మేన్లు, వడ్రంగులు, చిత్రకారులు మొదలగువారు పనిచేసిరని చెప్పుదురు. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గారలు; ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. స్టూడియోలోని దీపములతోనే బార్ట్లే సృష్టించిన వెన్నెలను నేటికిని జనులు చెప్పుకొందురు. ఆ వెన్నెల బార్ట్లేగారి ఊహలో పుట్టినమాట నిజమే. కాని పైన అడ్డుదూలముల మీద కూర్చుండి ఒక్కొక్క దీపమును త్రిప్పి నిలిపిన చేతులెవరివో మనకు తెలియదు.

ఆనాటి స్టూడియో పద్ధతిలో ఒక విశేషము కలదు. నటులు గాని సాంకేతికులు గాని పెక్కుమంది సంస్థలో నెలజీతముపై నుండిరి. చిత్రము జరిగినను జరుగకున్నను ఇంటిలో పొయ్యి వెలుగును. ఒకే బృందము చిత్రము తరువాత చిత్రము కలిసి పనిచేయుటచే ఒకరి చూపు మఱొకరికి అర్థమగును. కాలక్రమమున స్టూడియోలు చిత్రనిర్మాణము మాని స్థలమును అద్దెకిచ్చు సంస్థలైనవి. నెలజీతములు పోయి దినకూలి వచ్చెను. నిర్మాతకు ఖర్చు తగ్గినది. పనివాని కుటుంబమున ఏమి తగ్గినదో తెలిసికొనుటకు మఱి యిద్దఱు శాస్త్రజ్ఞుల మాట వినవలెను.

1943లో అబ్రహాం మాస్లో మనిషి అవసరములను ఐదు మెట్లుగా చెప్పెను: ఆకలిదప్పులు, భద్రత, తనవారను ఆప్యాయత, గౌరవము, తనలోని శక్తిని పూర్తిగా వికసింపజేసికొనుట. క్రింది మెట్టు కొంత నెఱవేరిననే పై మెట్టు వైపు మనసు పోవునని ఆయన అభిప్రాయము. దీనిని గోపురాకారమున చిత్రించినది మాస్లో కాదు, తరువాతివారు. ఈ వరుస అంత కచ్చితమైనది కాదనుటకు మన కృష్ణానగరే సాక్ష్యము. ఇంటి అద్దె కట్టలేని యువకులు కొందఱు, ఒకనాడు దర్శకులమగుదుమను ఆశతో సంవత్సరముల తరబడి సహాయకులుగా తిరుగుదురు. రెండవ మెట్టు లేకుండగనే ఐదవ మెట్టుకు చేయి చాచినవారు వీరు.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గు చెప్పినది మనకు ఇంకను సన్నిహితము. పిట్స్‌బర్గు ప్రాంతములో సుమారు రెండువందలమంది ఇంజనీర్లను, గణకులను ఆయన బృందము కలిసికొని, పనిలో మీకు మిక్కిలి సంతోషము కలిగిన సందర్భమేది, మిక్కిలి దుఃఖము కలిగిన సందర్భమేది యని అడిగెను. ఫలితము 1959లో ప్రకటితమైనది. సంతోషము గుఱించి అడిగినప్పుడు వారు సాధించిన పనిని, లభించిన గుర్తింపును, బాధ్యతను చెప్పిరి. దుఃఖము గుఱించి అడిగినప్పుడు జీతము, అధికారుల ప్రవర్తన, పనిచేయు పరిసరములు, సంస్థ నియమములు మొదలగువానిని చెప్పిరి. సంతోషమునకును అసంతోషమునకును వేఱువేఱు కారణములున్నవని హెర్జ్‌బర్గు తేల్చెను. ఊరిలో మురుగుకాలువలు శుభ్రముగా నున్నంతమాత్రమున జనులకు బలము రాదు. శుభ్రముగా లేనిచో జబ్బు తప్పదు. జీతము, భద్రత మొదలగునవి ఆ మురుగుకాలువల వంటివి.

ఈ సిద్ధాంతమును తలక్రిందులుగా చదువువారున్నారు. జీతము వలన ఉత్సాహము రాదు కదా, ఇక జీతము పెంచుట దేనికని వారి వాదము. కాలువ శుభ్రపఱచకుండ వ్యాయామశాల కట్టుదుమనుటవలె నున్నది ఇది. హెర్జ్‌బర్గు చెప్పినది, ముందు కాలువ శుభ్రము చేయుడు, చేసినంతమాత్రమున పని ముగిసినదనుకొనకుడు అని.

2025 ఆగస్టులో జరిగినది ఈ వెలుగులో చూడవలెను. సినిమా కార్మికుల వేతనములను మూడేండ్లకొకసారి సవరించుట ఆచారము. 2022 జూనులో వేతనముల కొఱకు కార్మికులు పని నిలిపివేసిరి. ఆ ప్రతిష్టంభన కొలదిదినములలోనే తొలగినది. 2025లో మాత్రము అట్లు జరుగలేదు. సమాఖ్య నూటికి ముప్పది చొప్పున పెంపు కోరినది. ఆగస్టు 4వ తేదీ నుండి షూటింగులు ఆగిపోయెను. చిత్రములకు ఖర్చు పెరిగినది, ఆదాయము పెరుగలేదని నిర్మాతలు పలికిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. విడుదలయైన చిత్రములలో డబ్బు తిరిగి తెచ్చునవి కొన్నియే. తుదకు రాష్ట్ర ప్రభుత్వము కలుగజేసికొనగా ఆగస్టు 21వ తేదీన ఒడంబడిక కుదిరినది. దినమునకు రెండువేల రూపాయల లోపు పొందువారికి మొదటి యేట నూటికి 15, రెండవ యేట రెండున్నర, మూడవ యేట 5 చొప్పున పెంపు. రెండువేలకు పైబడి ఐదువేల వఱకు పొందువారికి మొదటి యేట ఏడున్నర, తరువాతి రెండేండ్లు 5 చొప్పున. అనగా దినమునకు వెయ్యి రూపాయలు తెచ్చువాని యింటికి మొదటి యేట నూటయేబది రూపాయలు అదనముగా వచ్చును. పప్పు, నూనె ధరలు తెలిసిన గృహిణులకు నూటయేబది రూపాయలు దేనికి వచ్చునో నేను చెప్పనక్కఱలేదు.

తక్కువ కూలివారికి హెచ్చు శాతము ఇచ్చుట ఈ ఒడంబడికలోని మెచ్చదగిన భాగము. స్టేసీ ఆడమ్స్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1960ల తొలిభాగమున చెప్పిన న్యాయదృష్టి సిద్ధాంతము దీనికి సరిపడును. మనిషి తన కూలిని ఒంటరిగా చూడడు. తాను పెట్టిన కష్టమునకు తనకు దక్కినదానిని, ప్రక్కవాడు పెట్టిన కష్టమునకు వానికి దక్కినదానితో పోల్చి చూచును. ఆ తూకము సరిగా లేదని తోచినచో కష్టమును తగ్గించును, లేదా పని విడుచును, లేదా పోట్లాడును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. లైట్‌మేన్ తన్ను కథానాయకునితో పోల్చుకొనడు; ఆ దూరము ఆకాశమునకును భూమికిని గల దూరము. ప్రక్క ఫ్లోరులో పనిచేయు లైట్‌మేనుకు అదే దినము సాయంకాలమే డబ్బు ముట్టి, తనకు రెండు మాసములు గడచినను ముట్టనప్పుడు అతని మనసు విఱుగును. అన్నము వడ్డించు చోట ఒక పంక్తికి ఒక వంటకము, మఱొక పంక్తికి వేఱొక వంటకము కనబడినప్పుడును అంతే. మన పెండ్లిపందిళ్లలో పంక్తిభేదము ఎంతటి కలహములకు దారితీయునో తెలిసినవారికి ఆడమ్స్ సిద్ధాంతము క్రొత్తగా తోచదు.

2025 అక్టోబరులో కార్మికుల సభలో తెలంగాణ ముఖ్యమంత్రి మఱొక మాట ప్రకటించిరి. టిక్కెట్టు ధర పెంచుటకు అనుమతి కోరు చిత్రములు ఆ హెచ్చు ఆదాయములో నూటికి ఇరువదివంతులు కార్మికుల సంక్షేమమునకు ఇవ్వవలెనని దాని సారాంశము. సంక్షేమముగా ఇది మంచిదే. ప్రోత్సాహకముగా చూచినచో కొంత సందేహము కలుగును. 1964లో విక్టర్ వ్రూమ్ అను పండితుడు చెప్పినట్లు, ఫలము మనిషిని కదలింపవలెనన్న, నేను కష్టపడినచో పని బాగగును, పని బాగైనచో ఫలము నాకు వచ్చును అను రెండు లంకెలు అతనికి స్పష్టముగా కనబడవలెను. దీపము ఎంత చక్కగా నిలిపినను టిక్కెట్టు ధర పెరుగునా లేదా యనుట ఆ లైట్‌మేను చేతిలో లేదు. ఇట్టి సొమ్ము వృద్ధాప్యమునకు, జబ్బునకు, పిల్లల చదువునకు ఉపయోగపడవలెను. దానివలన రేపటి పని చుఱుకుగా సాగునని యాశింపరాదు.

ఇంతవఱకు అమెరికా కథలు వింటిమి. ప్రేరణశాస్త్రములో తెలుగుదేశపు పేరు ప్రపంచమంతట వ్రాయబడిన సందర్భము ఒకటి కలదని చాలమందికి తెలియదు. ఆ పనికి కేంద్రమైన స్థలము కృష్ణానగరు ప్రక్కనే యున్నది. యూసఫ్‌గూడలో చిన్నపరిశ్రమల శిక్షణసంస్థ 1962 నుండి పనిచేయుచున్నది. ఇప్పుడు దాని పేరు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయసంస్థ. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఆ సంస్థ సహాయముతో ఒక ప్రయోగము చేసెను. దానికి ఎన్నుకొనిన ఊరు కాకినాడ. అచ్చటి వర్తకులను, చిన్నపరిశ్రమల యజమానులను ఏబదిమందికి పైగా హైదరాబాదునకు రప్పించి, కొలదిదినములు సంస్థలోనే బసచేయించి శిక్షణ యిచ్చిరి. పోల్చి చూచుటకు రాజమహేంద్రవరమును ఎన్నుకొనిరి.

శిక్షణలో ఉపన్యాసములు ప్రధానము కావు. బొమ్మను చూపి కథ చెప్పుమనిరి. ఆ కథలలో ఏదైన సాధించవలెనను తలపు ఎంత యున్నదో వారికే చూపిరి. మేకునకు వలయములు విసరు ఆట ఆడించిరి. ఎంత దూరమునుండి విసరవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను. కొందఱు మేకు చెంతనే నిలిచి అన్నియు వేయుదురు. కొందఱు చాల దూరము పోయి అదృష్టమును నమ్ముకొందురు. సాధనాభిలాష గలవారు కష్టమైనను అసాధ్యము కాని దూరమును ఎన్నుకొని, ప్రతి విసరునకును తమ తప్పు దిద్దుకొందురు. ఆట ముగిసిన తరువాత, మీ వ్యాపారములో మీరు ఎచ్చట నిలిచి విసరుచున్నారని అడిగిరి. రాబోవు రెండేండ్లకు ఏమి చేయుదురో కాగితముపై వ్రాయించిరి. తరువాత పరిశీలించినప్పుడు, శిక్షణ పొందినవారు పొందనివారికంటె హెచ్చు చుఱుకుదనము చూపిరనియు, క్రొత్త వ్యాపారములు, క్రొత్త పెట్టుబడులు, క్రొత్త ఉద్యోగములు వారిలో హెచ్చుగా కనబడెననియు తేలినది. డేవిడ్ వింటరుతో కలిసి మెక్లెలాండ్ వ్రాసిన గ్రంథము 1969లో వెలువడినది. కులమును, పూర్వాచారములను విడిచినగాని మనిషిలో సాధనాభిలాష పుట్టదను పాశ్చాత్యుల వాదమునకు కాకినాడ వర్తకులు సమాధానము చెప్పిరి.

అయితే ఒక సంగతి మఱువరాదు. కాకినాడ వర్తకులకు తిరిగి వెళ్లిన వెంటనే తమ ఇష్టప్రకారము చేయుటకు సొంత దుకాణముండెను. యూసఫ్‌గూడలో శిక్షణ పొందిన వర్తకుడు తన నిర్ణయము తాను తీసికొనగలడు; యూసఫ్‌గూడలో కాపురమున్న లైట్‌మేన్ తీసికొనలేడు. మనసులో అభిలాష రేపి, చేతికి అవకాశ మీయనిచో మిగులునది విసుగు. కావున ప్రోత్సహించుట యనగా మనిషిని మార్చుట మాత్రమే కాదు, అతడు చేయు పని అమరికను గూడ మార్చవలెను.

అట్టి మార్పు మన దేశములోనే యొకటి జరిగినది. 1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లులో స్వయంచాలక మగ్గముల విభాగమును ఏ.కే. రైస్ అను ఆంగ్ల పరిశోధకుడు చూచెను. ఒక్కొక్కడు ఒక్కొక్క చిన్నపని చేయుచు, ఎవడు ఎవనికి సహాయపడవలెనో తెలియని స్థితి అచ్చట నుండెను. కొన్ని మగ్గములను ఒక చిన్న బృందమునకు పూర్తిగా అప్పగించినచో ఎట్లుండునని ఆలోచన వచ్చెను. పనివారు తామే ముందుకు వచ్చి బృందములుగా ఏర్పడిరి. ఉత్పత్తి పెరిగినది, చెడిపోవు బట్ట తగ్గినది. సినిమా సెట్టుకు దీనిని అన్వయించుట కష్టము కాదు. రేపటి దృశ్యమేమో, ఏ వేళ వెలుతురు కావలెనో ముందుదినము సాయంకాలమే దీపముల బృందపు పెద్దకు చెప్పి, అమరిక అతనికి విడిచిపెట్టినచో, ఉదయము ‘ఇచ్చట పెట్టుము, కాదు అచ్చట పెట్టుము’ అను కేకలు చాల తగ్గును. అట్లు చేయు ఛాయాగ్రాహకులు లేకపోలేదు. వారి యూనిట్లలో పనిచేయుటకు లైట్‌మేన్లు ఇష్టపడుదురు.

కళ గుఱించిన వాదమును గూడ కొంచెము పరిశీలింపవలెను. 1971లో ఎడ్వర్డ్ డెసీ కొందఱు విద్యార్థులకు ముక్కలు కూర్చు ప్రహేళికలిచ్చెను. కొందఱికి ఒక్కొక్క ప్రహేళికకు డాలరు చొప్పున చెల్లించి, తరువాత చెల్లింపు ఆపెను. డబ్బు పుచ్చుకొనినవారు ఖాళీసమయములో ఆ ప్రహేళికల జోలికి పోవుట తగ్గినది. సరదాగా చేయు పనికి ధర కట్టినచో సరదా తగ్గవచ్చునని దీని అర్థము. ఈ మాట చిత్రసీమలో మిక్కిలి ప్రియమైనది. ‘కళకు వెల కట్టరాదు’ అను మాటను నేను చాలసార్లు వింటిని; చెప్పువారు ఎప్పుడును డబ్బు ఇవ్వవలసినవారే, పుచ్చుకొనవలసినవారు కారు! డెసీ చూచినది భోజనమునకు లోటు లేని విద్యార్థుల ఆటను. ఇంటి అద్దె కట్టవలసినవాని దినకూలికి దానిని అన్వయించుట తగదు. సినిమాపై అభిమానముతో వచ్చిన సహాయదర్శకునిచేత ఏండ్ల తరబడి నామమాత్రపు బత్తాపై పనిచేయించుటకు ఆ అభిమానమే సాకైనది. అతని ప్రేమను అతని జీతములో నుండి మినహాయించుచున్నారు.

భద్రత విషయములో చట్టము చేయి చాచినది. సినిమా కార్మికుల నియామకమునకు వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉండవలెనని 1981లో పార్లమెంటు చట్టము చేసెను. అదే సంవత్సరమున సంక్షేమనిధి చట్టము వచ్చెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో దృశ్యశ్రవణ కార్మికులకు చోటు కలదు. ఇంటి విషయములో, మణికొండ చెంత సుమారు 67 ఎకరములలో సినిమా కార్మికుల సహకారసంఘము కట్టిన చిత్రపురి కాలనీ కలదు. దానికి నటుడు డాక్టరు ఎం. ప్రభాకరరెడ్డిగారి పేరు పెట్టిరి. 2020లో కరోనా వలన షూటింగులు ఆగినప్పుడు చిరంజీవిగారి నాయకత్వమున తారలు నిధి కూర్చి కార్మికుల ఇండ్లకు బియ్యము, సరుకులు పంపిరి. ఆ సహాయము మెచ్చదగినది. కాని పని ఆగిన పదిదినములకే ఇంటిలో సరుకులు నిండుకొను స్థితి యేల వచ్చెనను ప్రశ్న ఆ బియ్యపు బస్తాతో తీరలేదు. నెలజీతము పోయిన నాడు పోయిన భద్రత ఇదియే.

గుర్తింపు విషయము మిగిలినది. చిత్రము చివర పేర్లు పరుగెత్తునప్పుడు ప్రేక్షకులు లేచి పోవుచుందురు. అయినను ఆ పేర్లలో తన పేరున్నదని పిల్లలకు చూపుటకు చిత్రశాలలో చివరివఱకు కూర్చుండు తండ్రులుందురు. శాఖాధిపతుల పేర్లు వేసి క్రింది పనివారిని ‘మఱియు బృందము’ అని ముగించుట ఇంకను పోలేదు. వెనుకటి కాలమున ఫిలిముపై ఒక్కొక్క అడుగునకు ఖర్చుండెను. నేడు ఆ కారణము లేదు. ఈ మాట చెప్పునప్పుడు మా రేడియో వారిని మినహాయించుట ధర్మము కాదు. గాజుపలక ఆవల కూర్చుండి ధ్వనిని సరిచేయువారి పేరు మేము మాత్రము ప్రతిదినము చెప్పుచున్నామా!

2025లో కుదిరిన ఒడంబడిక మూడేండ్లకు. 2028లో ఉభయులును మరల బల్ల కిరువైపుల కూర్చుందురు. శాతముల బేరము అప్పుడును సాగును, సాగవలయును. దానితోపాటు ఆ బల్లమీదికి రావలసిన కాగితములు మఱికొన్ని యున్నవి: కాల్షీటు ముగిసిన ఎన్ని గంటలకు కూలి ముట్టవలెను, రేపటి పని యేదో ఎప్పటిలోగా తెలుపవలెను, ఐదేండ్లు దీపములు మోసినవాడు పై పనికి పోవుటకు ఏ పరీక్ష, ఏ శిక్షణ, ఎత్తునుండి పడినవానిని ఆసుపత్రికి చేర్చు బాధ్యత ఎవరిది. మొదటిదానికి నిర్మాతకు అదనముగా ఒక్క రూపాయియైనను ఖర్చు కాదు, ఇవ్వవలసినదానిని వేళకు ఇచ్చుటయే కదా. మూడవదానికి కావలసిన శిక్షణసంస్థ కొఱకు దూరము పోనక్కఱలేదు. కాకినాడ వర్తకులు వలయములు విసరిన యూసఫ్‌గూడ, కృష్ణానగరునుండి నడచి పోదగినంత దూరములోనే యున్నది.